బేసిక్ ఎంతని అడుగుదాం

దుబాయి పోయిన పిలగాడికి జీతం ఎంతని ఊరంతా అడుగుతుంది. పన్నెండు వందల దిర్హాములంటే అక్కడికక్కడే రూపాయల్లో లెక్క కట్టుకుంటుంది. ఆ పన్నెండు వందలు కాయితం మీద ఎట్లా రాసి ఉన్నాయని మాత్రం ఎవరూ అడగరు. ఆ ఒక్క ప్రశ్న అడగక మనోళ్ళు ఏండ్ల తరబడి నష్టపోతున్నారని మేం అంటున్నాం.

లెక్క మన చేతిలో లేకపోతే ఏమవుతుందో మనకొకరు చెప్పనక్కర్లేదు. జీతానికున్న తాతల కాలంలో, కోస్తా వైపు పాలేర్ల కాలంలో, లెక్కల పుస్తకం దొర ఇంట్లో ఉండేది. ఎంత ఇచ్చిందీ ఎంత పట్టుకున్నదీ ఆయనే రాసేవాడు, మనవాడు వేలిముద్ర వేసేవాడు. ఏడాది తిరిగేసరికి అప్పు పెరిగేదే తప్ప తీరేది కాదు. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. పుస్తకం ఎవరి చేతిలో ఉండాలన్న తగాదా మాత్రం తెగలేదు. ఇప్పుడా పుస్తకం కంప్యూటర్లోకెక్కి సముద్రం దాటింది.

గల్ఫ్‌లో చట్టమే లేదని మనలో చాలామంది అనుకుంటారు. ఉంది. జీతం బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న పద్ధతిని ఎమిరేట్స్ 2009లో, సౌదీ 2013లో, ఖతార్ 2015లో పెట్టాయి. కంపెనీ నెలనెలా ఎవరికెంతని జాబితా తయారుచేసి బ్యాంకుకు పంపాలి. ఆ జాబితా అక్కడి కార్మిక శాఖ కంప్యూటర్‌కూ చేరుతుంది. కాంట్రాక్టులో ఉన్న జీతానికీ ఖాతాలో పడ్డ జీతానికీ తేడా వస్తే కంపెనీ దొరకాలి. ఇదంతా మంచిదే. దొరికిన కంపెనీలూ ఉన్నాయి, జరిమానాలు కట్టినవీ ఉన్నాయి.

మరి ఏం దొరకదు? ఊళ్ళో ఏజెంటు చెప్పిన జీతానికీ కాంట్రాక్టులో రాసిన జీతానికీ ఉన్న తేడా ఆ కంప్యూటర్‌కు కనబడదు. మనవాడి ఏటీఎం కార్డు క్యాంపు బాసు జేబులో ఉంటే కనబడదు. పన్నెండు గంటలు చేయించుకుని ఎనిమిదే అని రాస్తే కనబడదు. జాబితా రాసేది కంపెనీ, పంపేది కంపెనీ. పనిచేసినవాడి చేతిలో సొంత లెక్క లేకపోతే కంపెనీ రాసిందే నిజమై కూర్చుంటుంది.

ఒక లెక్క వేద్దాం. ఎమిరేట్స్‌లో ఇద్దరిది ఒకే పని. ఇద్దరికీ నెలకు 1200 దిర్హాములు. ఒకరి కాంట్రాక్టులో బేసిక్ 1200. ఇంకొకరి దాంట్లో బేసిక్ 600, మిగతా 600 అలవెన్సులు. నెలనెలా చేతికొచ్చేది సమానమే. పని ముగించుకుని వచ్చేటప్పుడు ఇచ్చే సర్వీసు పైసలు, అంటే గ్రాట్యుటీ, అక్కడి చట్టం ప్రకారం మొదటి ఐదేండ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్. మొదటివాడికి రోజుకు 40 లెక్కన ఏడాదికి 840, ఐదేండ్లకు 4200 దిర్హాములు వస్తాయి. రెండోవాడికి 2100. ఓటీ కూడా బేసిక్ మీదనే. గంట జీతానికి కనీసం నాలుగోవంతు కలిపి ఇవ్వాలి. మొదటివాడికి గంటకు 5 పడితే ఓటీ గంటకు 6.25. రెండోవాడికి దాంట్లో సగం. కంపెనీ ఏ చట్టమూ తప్పలేదు. జీతాన్ని రెండు ముక్కలు చేసి రాసింది, అంతే. తనిఖీకి ఎవరొచ్చినా కాయితాలన్నీ సక్రమంగానే ఉంటాయి.

దేశం మారితే లెక్క మారుతుంది. సౌదీలో సర్వీసు పైసలు మొదటి ఐదేండ్లకు ఏడాదికి అరనెల జీతం, ఆ తర్వాత ఏడాదికి నెల జీతం. పదేండ్లు నిండకముందే మనంతట మనం మానేస్తే అది తగ్గిపోతుంది. ఖతార్‌లో 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ళ కనీస వేతనం ఉంది. కంపెనీ తిండి పెట్టకపోతే 300, వసతి చూపకపోతే 500 పైన ఇవ్వాలి. ఎమిరేట్స్‌లో మనలాంటి విదేశీ కూలీలకు కనీస వేతనమే లేదు, కాంట్రాక్టులో రాసిందే వేతనం. అందుకే ఏ దేశమన్నది మొదటి ప్రశ్న, బేసిక్ ఎంతన్నది రెండోది.

మూడో ప్రశ్న, యజమాని ఎవరు? పెద్ద కంపెనీ సైటులో పనిచేస్తున్నామని మనోళ్ళు గొప్పగా ఫోటో పంపుతారు. వీసా మీద పేరు చూస్తే సప్లై కంపెనీది. పనిచేయించుకునేది ఒకరు, జీతం ఇవ్వాల్సింది ఇంకొకరు. పెద్ద కంపెనీ బిల్లు చెల్లించలేదంటూ సప్లైవాడు రెండు మూడు నెలలు జీతం ఆపితే, పెద్ద కంపెనీ గేటు దగ్గర నిలబడి లాభం లేదు. చట్టం ముందు సమాధానం చెప్పాల్సింది వీసా మీద పేరున్నవాడే. ఆ పేరు మనింట్లో రాసిపెట్టి ఉండాలి.

కోనసీమ నుంచీ కడప నుంచీ కువైట్ పోయిన మన అక్కచెల్లెళ్ళ సంగతి ఇంకా కష్టం. వాళ్ళ యజమాని ఒక ఇల్లు. అక్కడ ఇంటిపనివాళ్ళ కోసం 2015లో వేరే చట్టం తెచ్చారు. రోజుకు 12 గంటలకు మించి పని ఉండకూడదని, వారానికొక సెలవని, పని ముగిశాక ఏడాదికి నెల జీతం చొప్పున ఇవ్వాలని దాంట్లో ఉంది. ఆ తర్వాత కనీస జీతం 60 దినార్లని నిర్ణయించారు. తలుపు వేసిన ఇంట్లో గంటలు లెక్కపెట్టేదెవరు? ఆమె తప్ప ఇంకెవరూ లేరు. అందుకే ఆ చట్టంలో ఏముందో విమానం ఎక్కకముందే ఆమెకు తెలియాలి.

ఇక మన సర్కారు సంగతి. 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సున్న ఏజెంటే మనుషుల్ని పంపాలి. తన ఫీజు కింద 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ తప్ప తీసుకోకూడదు. ఊళ్ళల్లో లక్షలు ఎట్లా వసూలవుతున్నాయో, ఆ లక్షలకు ఎవరు ఏ వడ్డీకి అప్పిస్తున్నారో అందరికీ తెలుసు. పది పాసు కానివాళ్ళు గల్ఫ్ దేశాలకు పనికి పోవాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్సు కావాలి. అది కాపాడటానికి పెట్టిన అడ్డు. ఏజెంట్లు విజిట్ వీసా మీద పంపి ఆ అడ్డును దాటిస్తున్నారు. అట్లా పోయినవాడికి కాంట్రాక్టూ ఉండదు, జీతాల జాబితాలో పేరూ ఉండదు. 2020 సెప్టెంబరులో కేంద్రం తానే గల్ఫ్ దేశాలకు నిర్ణయించిన కనీస వేతనాలను తగ్గించింది. తెలంగాణ హైకోర్టులో కేసు పడ్డాక 2021 జూలైలో వెనక్కి తగ్గింది. అడిగితే తగ్గుతారని అప్పుడు రుజువైంది.

చదువు లేక మోసపోయారని అనేవాళ్ళున్నారు. చదువు చెప్పే మాకు ఈ మాట ఒప్పుకోబుద్ధి కాదు. అరబ్బీలో, ఇంగ్లీషులో రాసిన కాయితం మీద ఎయిర్‌పోర్టులో, క్యాంపులో నిలబెట్టి సంతకం పెట్టించుకుంటే డిగ్రీ చదివినవాడు కూడా పెడతాడు. కరోనా ఏడు 2020లో జీతాలు, సర్వీసు పైసలు వదులుకుని విమానమెక్కిన వేలమందిలో చదువుకున్నోళ్ళూ ఉన్నారు. తిరిగొచ్చాక బాకీ అడగడానికి చేతిలో కాయితం లేకపోవడమే అందరికీ పెద్ద దెబ్బ అయింది.

మేం అడిగేవి మూడు. కాంట్రాక్టు తెలుగులో ఉండాలి, బేసిక్ ఎంత, అలవెన్సు ఎంతన్నది విడిగా కనబడాలి. అది చదివి వినిపించాకే క్లియరెన్సు ఇవ్వాలి. తిరిగొచ్చినవాళ్ళ జీతం బాకీలు రాసుకుని రాయబార కార్యాలయానికి పంపే మనిషి ప్రతి జిల్లా కలెక్టరేటులో ఉండాలి.

సర్కారు చేసేదాకా కూర్చోలేం. పోయేవాళ్ళు కాంట్రాక్టు, వీసా, ఏజెంటు ఇచ్చిన రసీదు ఫోటో తీసి ఇంటికి పంపండి. రసీదు ఇవ్వనివాడికి పైసలివ్వొద్దు. ఏటీఎం కార్డు ఎవరి చేతికీ ఇవ్వొద్దు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంచుకోవడం ఎమిరేట్స్‌లోనూ ఖతార్‌లోనూ చట్టవిరుద్ధమని గుర్తుంచుకోండి. పనిచేసిన గంటలు రోజూ ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. క్లియరెన్సుతో పోయేవాళ్ళకు రెండేండ్లకు 275 రూపాయలతో 10 లక్షల ప్రమాద బీమా ఉంది, ఆ కాయితం కూడా ఇంట్లో పెట్టండి.

గల్ఫ్‌లో మనిషి ఉన్న ప్రతి ఇంటివాళ్ళూ వచ్చే సంఘం మీటింగుకు కాంట్రాక్టు ఫోటో తెచ్చుకోండి. కూర్చుని అందరివీ చదువుదాం. ఎవరి బేసిక్ ఎంతో రాసుకుందాం.