తాళంచెవి ఎవరిది?

నా ఫోన్‌కు కంపెనీ కొత్త సాఫ్ట్‌వేర్ పంపడం మానేసింది. ఖానాపూర్‌లో కూర్చుని నేనే మరో ఆండ్రాయిడ్ వేసుకుందామంటే బూట్‌లోడర్‌కు తాళం. తీసే కోడ్ ఇవ్వరు. రూట్ అధికారం యజమానికి లేదట!

దొంగల భయానికే తాళమంటారు కొందరు మిత్రులు. కాదనను. కాని తాళం తీయగానే ఫోన్‌లోని సమాచారమంతా చెరిగిపోయే ఏర్పాటు ఎప్పటినుంచో ఉన్నదే. మన రహస్యాలు దొంగకెలా దక్కుతాయి?

ఆండ్రాయిడ్‌కు పునాది లినక్స్. వేలమంది ఉమ్మడి శ్రమ. దాని లైసెన్సు సోర్స్ కోడ్ ఇచ్చి తీరాలంటుంది, తాళంచెవి ఊసెత్తదు. తాళంచెవీ ఇమ్మన్న 2007 నాటి మూడవ గ్నూ లైసెన్సును లినక్స్ స్వీకరించలేదు. ఆ సందులోనే కంపెనీ గడి కట్టింది.

దొరల గడి గోడలు చూసిన జిల్లా మాది. దున్నేవాడిదే భూమి అన్నవాళ్ళం, కొన్నవాడిదే తాళంచెవి అనడానికి జంకెందుకు?