పల్లి తెగుళ్లు: మందు కన్న ముందు కారణం

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల రైతులకు యాసంగిలో పల్లి ముఖ్యమైన పంట. విత్తనానికే చేతిలోని డబ్బంతా పెట్టవలసిన పంట ఇది. ఇటువంటి పంటకు తెగులు తగిలినప్పుడు పల్లెలలో జరుగుతున్నదేమిటి? ఎండిన మొక్క ఒకటి పీకి, అప్పు ఇచ్చే దుకాణానికి తీసుకుపోవడం. అక్కడ ఇచ్చిన రెండు మూడు మందులు కలిపి కొట్టడం. తగ్గకపోతే ఇంకొక మందు. చివరకు పంట పోయినా దుకాణం బాకీ మాత్రం మిగులుతున్నది.

తెగుళ్లన్నీ ఒక్క జాతివి కావన్న సంగతి గుర్తించకపోవడమే ఈ నష్టానికి మూలం. వరిలో అగ్గి తెగులు బూజు జాతి శిలీంధ్రం వల్ల వస్తుంది. ఎండాకు తెగులు బాక్టీరియా వల్ల వస్తుంది. ఒకదాని మందు మరొకదానికి పనిచేయదు.

పల్లిలోనూ అంతే. మొలక దశలోనే మొక్క వాడి, మొదలు దగ్గర నల్లని పొడి కనిపిస్తే అది మొదలుకుళ్లు. విత్తనం ద్వారా, నేల ద్వారా వస్తుంది. మొక్క చచ్చిన తరువాత మందు కొట్టి లాభం లేదు. విత్తే ముందే కిలో విత్తనానికి 3 గ్రాముల మాంకోజెబ్ పట్టించడమే ఉపాయం. ఎదిగిన మొక్క మొదట్లో తెల్లని బూజు, ఆవగింజల వంటి గుండ్లు ఉంటే అది కాండం కుళ్లు. ఆ గుండ్లు నేలలో ఏండ్ల తరబడి బ్రతికి ఉంటాయి. కనుక ఏటేటా అదే చేలో పల్లి వేయక జొన్న, మక్క వంటివి మార్చి వేయాలి. వేసవిలో లోతు దుక్కి చేయాలి.

లేత ఆకులు పసుపుబారి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే అది తెగులే కాదు. సున్నం ఎక్కువగా ఉన్న నేలలో మొక్కకు ఇనుము అందకపోవడం. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి కొడితే తేరుకుంటుంది. దీనికి తెగులు మందు కొనడం డబ్బు దండుగ.

అన్నిటికన్న పెద్ద పాఠం అనంతపురం జిల్లా నేర్పినది. 2000 సంవత్సరం వానాకాలంలో అక్కడ దాదాపు 2.25 లక్షల హెక్టార్లలో పల్లికి వైరస్ తెగులు తగిలి, రూ. 300 కోట్లకు పైగా నష్టం వాటిల్లినది. ఆ వైరస్ వయ్యారిభామ మొక్క పుప్పొడిలో ఉంటుంది. తామర పురుగులు ఆ పుప్పొడిని పల్లి ఆకుల మీదికి చేరుస్తాయి. వైరస్‌ను చంపే మందు లేదు. వయ్యారిభామను పూత రాకముందే పీకివేయడం, చేను చుట్టూ నాలుగు వరసల జొన్నగాని సజ్జగాని వేయడం ముఖ్యమైన రక్షణ.

అయితే ఒక్క రైతు తన గట్టు శుభ్రం చేసుకున్నంత మాత్రాన చాలదు. బాట పక్కన, బంచరాయిలో, కాలువ గట్ల మీద పెరిగే వయ్యారిభామ ఎవరిది? అది ఊరందరిది. గ్రామ పంచాయతీలు దీనిని తమ పనిగా భావించి, విత్తనాలకు ముందే ఊరంతా ఒక్కసారి కదిలేటట్లు చూడాలి.

ప్రభుత్వ బాధ్యతా తక్కువది కాదు. పాలెంలో వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది. గ్రామాల సముదాయానికొక రైతు వేదిక, విస్తరణ అధికారి ఉన్నారు. కాని తెగులు కనిపించిన రోజున చేనుకు మనిషి రాకపోతే ఆ వేదిక వట్టి గోడలే. ఏ ఊళ్లో ఏ తెగులు కనిపించిందో, దానికి కారణమేమో వారం వారం పంచాయతీ బోర్డు మీద రాయించడం కష్టమైన పని కాదు.

రైతులు కూడా ఎండిన కొమ్మను కాక, వేరుతో సహా మొక్కను పీకి అధికారికి చూపాలి. కొన్న ప్రతి మందుకూ బిల్లు అడగాలి. రోగమేదో తెలియకుండా ఇంట్లో బిడ్డకు మందు పోయని రైతు, చేను విషయంలోనూ ఆ జాగ్రత్తే వహించడం మేలు.