ఎవరు అవునన్నరు?

2014 ఫిబ్రవరి 18న లోక్‌సభలో తెలంగాణ బిల్లు మూజువాణి ఓటుతో పాసైంది. టీవీ ప్రసారం మధ్యలనే ఆగిపోయినా మన దిక్కు సంబురాలు చేసుకున్నరు. అదే సంవత్సరం జూలై 11న కొత్త లోక్‌సభ ఖమ్మం జిల్లాలోని పోలవరం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపే బిల్లును కూడా మూజువాణితోనే పాస్ చేసింది.

మూజువాణి అంటే సభ్యులు 'అవును', 'కాదు' అని నోటితో చెప్పుడే. పేర్లు రాయరు. (మన మెస్ కమిటీకే చేతులెత్తించి లెక్కపెడతం గదా!) కుక్కునూరు, వేలేరుపాడు, చింతూరు కోయ అన్నదమ్ములు తమ మండలాన్ని ఎవరు ఇచ్చేసిండ్రో ఏ రికార్డు చూసి తెలుసుకోవాలె? డివిజన్ పెడితే సభ్యులు మీట నొక్కి ఓటేస్తరు, ఎవరు ఎటువైపో పేరుతో సహా ఉంటది. ఆదివాసీల భూమికి సంబంధించిన బిల్లు ఏదైనా, ఎవరూ అడగకున్నా, డివిజన్ పెట్టాలని నా అభిప్రాయం.