సరిహద్దు రాయి కదిలితే

నగరం పొరుగు పల్లెను తనలో కలుపుకొనేటప్పుడు పొలంలో గుంజలు పాతరు. ఎవరి పట్టా మారదు. రాజపత్రంలో ఒక ప్రకటన వెలువడుతుంది. అభ్యంతరాలు తెలుపుకోవడానికి కొంత గడువు ఇస్తారు. గడువు తీరిన పిదప తుది ప్రకటన వస్తుంది. దానితో పంచాయతీ రద్దై, ఊరు వార్డులో భాగమవుతుంది.

ఏ ప్రాంతం నగరపాలన కిందికి రావాలో నిర్ణయించే అధికారాన్ని రాజ్యాంగంలోని 243-క్యూ అధికరణం గవర్నరుకు, అనగా ఆచరణలో రాష్ట్ర ప్రభుత్వానికి, ఇచ్చింది. జనాభా, జనసాంద్రత, స్థానిక పాలనకు వచ్చే రాబడి, వ్యవసాయేతర ఉపాధి మొదలైనవి పరిశీలించాలన్నది. ఊరివారి ఓటు ఆ జాబితాలో లేదు.

బెంగుళూరు ఉదంతం చూడండి. 2007లో ఆ నగరపాలిక యెలహంక, బొమ్మనహళ్ళి, మహదేవపుర వంటి 7 నగరసభలను, కెంగేరి పురసభను, 110 గ్రామాలను తనలో కలుపుకొన్నది. (అదే ఏడు హైదరాబాదు సైతం 12 పురపాలక సంఘాలను, 8 పంచాయతీలను కలుపుకొన్నది.) సుమారు 225 చదరపు కిలోమీటర్ల నగరం 700 దాటింది. పెద్ద పెద్ద కంప్యూటరు సంస్థలు వెలసిన శివార్ల ఆస్తిపన్ను నగర ఖజానాకు ఎంత అవసరమో వేరుగా చెప్పనక్కరలేదు.

పల్లెలకు దక్కినదేమిటి? పంచాయతీ పోయింది; కొత్త నగరపాలికకు ఎన్నికలు 2010లో గాని జరుగలేదు. ఆ మూడేళ్ళూ వీధిదీపం వెలగకపోతే నిలదీయడానికి వార్డు సభ్యుడే లేడు. పన్ను మాత్రం ఆగలేదు. అనుమతులు సక్రమంగా లేని ఇళ్ళను ‘బి’ ఖాతా అనే వేరు పుస్తకంలో వ్రాసుకొని మరీ వసూలు చేశారు!

న్యాయంగా చెప్పాలంటే, వేలకొలది ఇళ్ళు లేచిన ఊరికి మురుగుకాలువలు వేయడం పంచాయతీ శక్తికి మించిన పని. భూమి గలవారికి ధర పెరిగిందన్న సంతోషమూ ఉంటుంది. భూమి లేని కూలివాని లెక్క వేరు. గ్రామీణ కుటుంబాలకు 100 రోజుల పని హామీ ఇచ్చిన 2005 నాటి చట్టం పట్టణాలకు వర్తించలేదు. ఊరు పట్టణంలో కలిసిన చోటల్లా ఆ హక్కు చెల్లకుండా పోయింది.

ఇక నీటి సంగతి. విలీనమైన ఆ 110 గ్రామాలు ఏళ్ళ తరబడి గొట్టపుబావుల మీద, ట్యాంకరు లారీల మీద బ్రతికాయి. వాటికోసం ఉద్దేశించిన కావేరి అయిదవ దశ పథకం, రోజుకు 77.5 కోట్ల లీటర్లది, ప్రారంభమైనది 2024 అక్టోబరులో. అంటే విలీనం జరిగిన 17 ఏళ్ళకు. ఇంటికి కుళాయి కావాలన్నవారు దానికి రుసుము వేరే కట్టుకోవలసి వచ్చింది.