మూలనపడ్డ పాటకు కొత్త వరస కడితే తప్పేంటి?

పోస్టు కాస్త పొడుగే. కోపమొచ్చినా చివరిదాకా చదవండి.

మొన్నటి మీటింగులో మన పిల్లలు అమ్మమ్మల నాటి అప్పగింతల పాటను ఉగాదికి కీబోర్డుతో పాడతామన్నారు. పాట పాడైపోతుందని పెద్దలు ఒక్క మాటతో కొట్టిపారేశారు. ఆ రోజు నేను నోరు మెదపలేదు. అది నా తప్పే. ఇప్పుడు చెబుతున్నాను.

టేపురికార్డరులో ఇంగ్లీషు పాటలు విన్నవాళ్లకు 1981 నాటి 'బెట్టీ డేవిస్ ఐస్' గుర్తుండే ఉంటుంది. కిమ్ కార్న్స్ బొంగురు గొంతుతో పాడింది. అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. అది ఆమె సొంత పాటనే అనుకున్నాం. కానీ 1974లోనే డొనా వైస్, జాకీ డిషానన్ దాన్ని రాశారు. డిషానన్ పాతకాలపు జాజ్ ధోరణిలో పాడితే పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. ఏడేళ్ల తర్వాత బిల్ క్యూమో సింథసైజరు మీద కొత్త వరస కట్టాడు. మాటలు దాదాపు అవే. పాట లేచి నిలబడింది.

ఆ మాటల్లో కొత్తవాళ్లెవరున్నారు? బెట్టీ డేవిస్, గ్రెటా గార్బో, జీన్ హార్లో. అంతా 1930ల తారలు. అమ్మమ్మల నాటి పేర్లతోనే 1981 కుర్రకారు ఊగిపోయింది. 73 ఏళ్ల బెట్టీ డేవిస్ ఏం చేసిందో తెలుసా? తన పేరు పాడుచేశారని గోల పెట్టలేదు. కృతజ్ఞతలు చెబుతూ ఉత్తరాలు రాసింది. మనవడి దగ్గర తన విలువ పెరిగిందని మురిసిపోయింది.

పెద్దలారా, మనకు మనవలు లేరా? బడిలో ఒడియా, ఇంగ్లీషు చదివే ఈ పిల్లల్లో సగంమందికి తెలుగు అక్షరాలే రావు. వాళ్లంతట వాళ్లు తెలుగు పాట కంఠతా పడతామంటే వద్దంటామా?

"హోరులో మాట వినబడదు" అన్న అభ్యంతరం సబబే. అయితే ముందుగా మన ముసలమ్మల ఎదుట పాడించండి, ఉచ్చారణ దిద్దించండి. ఇంకో షరతు నాది. 1982లో గ్రామీ వాళ్లు ఆ ఏటి ఉత్తమ గీతం బహుమతిని రాసిన ఆ ఇద్దరికే ఇచ్చారు. మన పాట ఎవరు కట్టారో తెలియదు. కనీసం ఏ అమ్మమ్మ నోట విని నేర్చుకున్నారో ఆమె పేరు మైకులో చెప్పాలి.

పెట్టెలో దాచితే పట్టుచీరైనా మడతల్లో చిరుగుతుంది. వచ్చే మీటింగులో ఈ విషయం మళ్లీ పెడతాను. ఈసారి చెయ్యెత్తుతాను. మీరూ ఎత్తండి.