బిడ్డ తరఫున ఎవరు నమ్మగలరు?

నిజామాబాదు జిల్లా మెండోర చుట్టుపక్కల ఊళ్లలో బిడ్డ పుట్టిందంటే ఏడాది తిరిగేలోపు ఏదో ఒక మతం ముద్ర పడాల్సిందే. హిందువుల ఇళ్లలో పురుడు, తొట్టెల, ఆ తర్వాత వేములవాడలోనో ధర్మపురిలోనో పుట్టువెంట్రుకలు. ముస్లింల ఇళ్లలో చెవిలో అజాన్, కొన్నాళ్లకు సున్తీ. క్రైస్తవుల ఇళ్లలో, అందులోనూ చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా (సీఎస్ఐ) వాళ్లయితే, చర్చిలో చిన్నపిల్లల బాప్తిస్మం. బిడ్డను ఎవరూ అడగరు, అడిగినా చెప్పలేదు. ఇంత చిన్న విషయానికి వ్యాసమెందుకని చాలామందికి అనిపిస్తుంది. బిడ్డ తరఫున ఎవరు నమ్మగలరని అడిగినందుకే నాలుగైదు వందల ఏళ్ల కింద యూరప్‌లో మనుషుల్ని నీళ్లలో ముంచి చంపారు, మంటల్లో కాల్చారు. ఆ తగాదా మన తెలంగాణ పల్లెల దాకా వచ్చింది. ఇప్పటికీ తెగలేదు.

ముందు స్విట్జర్లాండులోని జూరిక్ సంగతి. విశ్వాసం తెలివొచ్చాక కలిగేది, కాబట్టి పసిబిడ్డలకిచ్చిన బాప్తిస్మం చెల్లదని ఫెలిక్స్ మాంజ్, అతని మిత్రులు వాదించారు. పెద్దవాళ్లకు మళ్లీ బాప్తిస్మం ఇవ్వడం మొదలుపెట్టారు. 1527 జనవరి 5న మాంజ్‌ను కట్టేసి లిమ్మాట్ నదిలో పడేశారు. ఆ శిక్ష వేసింది పోప్ కాదు. పోప్‌ను ఎదిరించి సంస్కరణ తెచ్చామని చెప్పుకున్న నగర పాలకులే వేశారు.

ఇంగ్లండులో ఇంకా గట్టి పట్టుదల. 1538లో థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలో రిజిస్టరు పెట్టించాడు. బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, సమాధులు అందులో రాయాలి. అంటే రాజ్యం లెక్కలో మనిషి మొదటిసారి కనిపించేది బాప్తిస్మం నాడు. చర్చికి అధిపతి రాజే. బిడ్డ తలమీద నీళ్లు పడితే చర్చికి సభ్యుడు, రాజుకు ప్రజ, రెండూ ఒకే గడియలో అయిపోతాడు. అందుకే ఆ నీళ్లు వద్దన్నవాడు పూజారితోనే కాదు, రాజుతోనూ తలపడినట్టే.

బర్టన్ ఊళ్లో బట్టల వ్యాపారి ఎడ్వర్డ్ వైట్‌మన్ కథ ఈ విషయంలో మరిచిపోలేనిది. త్రిత్వం అబద్ధమన్నాడు, పసిబిడ్డల బాప్తిస్మం దురాచారమన్నాడు, తానే ప్రవక్తనని కూడా అన్నాడు. చివరి మాటను ఏ హేతువాదీ ఒప్పుకోడు. లిచ్‌ఫీల్డులో కొయ్యకు కట్టి నిప్పంటించారు. ఒళ్లు కాలగానే మాట వెనక్కి తీసుకుంటానని అరిచాడు. చూస్తున్న జనం మంటల్లోకి ఉరికి, తమ చేతులు కాల్చుకుని అతన్ని బయటికి లాగారు. కోర్టుకు తీసుకెళ్తే అతను మళ్లీ అడ్డం తిరిగాడు. 1612 ఏప్రిల్ 11న రెండోసారి కట్టేసి పూర్తిగా కాల్చేశారు. మతం తప్పిన నేరానికి ఇంగ్లండులో కాల్చేసిన చివరి మనిషి అతనే. ఆ మంటల్లోకి దూకిన జనం కూడా పసితనంలో బాప్తిస్మం పొందినవాళ్లే. వాళ్లను దూకించింది మాత్రం ఏ బాప్తిస్మమూ కాదు, కళ్లముందు కాలుతున్న మనిషి.

ఆ ఏడాదే థామస్ హెల్విస్ ఆమ్‌స్టర్‌డామ్ నుంచి లండన్‌కు తిరిగొచ్చి తెలివొచ్చాకే బాప్తిస్మం అనే బాప్తిస్టులకు ఇంగ్లండులో మొదటి సంఘం పెట్టాడు. రాజు కూడా చచ్చే మనిషే, దేవుడు కాడు, ప్రజల ఆత్మల మీద అతనికి అధికారం లేదని జేమ్స్ రాజుకే రాశాడు. యూదులకైనా తురకలకైనా మతం విషయంలో శిక్ష వేసే హక్కు రాజుకు లేదని ఆ రోజుల్లోనే అన్నాడు. న్యూగేట్ జైలే అతని చివరి మజిలీ అయింది. మత స్వేచ్ఛ అనే మాటకు మనం ఇప్పుడిచ్చే అర్థం చాలావరకు ఇలాంటి మొండి మనుషుల దగ్గర్నుంచి వచ్చిందే. నేను దేవుణ్ణి నమ్మను. అయినా హెల్విస్‌కు రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

ఇంతకీ చిన్నపిల్లల బాప్తిస్మాన్ని అంతకాలం నిలబెట్టింది వాక్యం కాదు, భయం. బాప్తిస్మం లేకుండా చచ్చిన బిడ్డకు పరలోకం లేదని అగస్టీన్ కాలం నుంచి చెప్పుకొచ్చారు. ఆ రోజుల్లో ఏడాది నిండకుండానే ఎంతోమంది పసికందులు పోయేవారు. బిడ్డ బతికేలా లేదంటే మంత్రసానే గబగబా నీళ్లు చల్లి బాప్తిస్మం ఇచ్చేది. 1604లో జేమ్స్ రాజు దాన్నీ ఆపి, గురువే ఇవ్వాలన్నాడు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకం బాప్తిస్మం లేనివారిని పాతిపెట్టేటప్పుడు ప్రార్థన చదవకూడదని రాసింది. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ చర్చి ఇచ్చిన ఓదార్పు అది. తప్పేమీ ఎరగని బిడ్డను నరకంలో పడేసే దేవుడు న్యాయమైనవాడెలా అవుతాడని ఏ తల్లి మనసులోనైనా మెదలకుండా ఉంటుందా? మెదిలినా పైకి అనే ధైర్యం ఎవరికి ఉండేది?

మన దగ్గరికి ఈ రెండు పక్షాలూ వచ్చాయి. నిజామాబాదు, మెదక్ వైపు వచ్చింది వెస్లీ మార్గం మిషన్. జాన్ వెస్లీ చివరిదాకా ఆంగ్లికన్ గురువే, చిన్నపిల్లల బాప్తిస్మాన్ని సమర్థించినవాడే. 1924 క్రిస్మస్ నాడు ప్రారంభమైన మెదక్ చర్చిని కట్టించిన పాస్నెట్, డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రి నడిపిన ఇసబెల్ కెర్ ఆ మిషన్ వాళ్లే. నిజామాబాదుకు చెందిన రాజా నర్సాగౌడ్ ఆ ఆసుపత్రికి విరాళమిచ్చాడు. డిచ్‌పల్లిలో జరిగిన సేవను ఎవరూ కాదనలేరు, నేనసలే కాదనను. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ ఏర్పడినప్పుడు ఈ సంఘాలన్నీ అందులో కలిశాయి. బాప్తిస్టులు కలవలేదు.

బాప్తిస్టుల పట్టు ఒంగోలు, నెల్లూరు, నల్లగొండ వైపు. 1878 జూలై 3న వేలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో జాన్ క్లౌ సంఘం ఒక్కరోజే 2,222 మందికి ముంచుడు బాప్తిస్మం ఇచ్చింది. ఎక్కువమంది మాదిగలు, కరువులో చితికిపోయినవాళ్లు. ఇక పాలమూరులో ఉన్న మెన్నొనైట్ బ్రదరెన్ సంఘం సాక్షాత్తూ మాంజ్ తరం వాళ్ల వారసత్వం. లిమ్మాట్‌లో మొదలైన వాదం రష్యా, అమెరికా తిరిగి నాగర్‌కర్నూలుకు చేరింది. ఈ రోజుకీ ఒకే ఇంట్లో అన్న సీఎస్ఐ, తమ్ముడు పెంతెకోస్తు అయితే చిలకరింపు చెల్లుతుందా, ముంచుడే చెల్లుతుందా అని పండగ పూట కూడా వాదించుకుంటారు. ఒకరు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారనే వాక్యం చూపిస్తారు. ఇంకొకరు నమ్మి బాప్తిస్మం పొందమనే వాక్యం చూపిస్తారు. ఒకే పుస్తకం రెండు పక్షాలకూ సాక్ష్యం చెబుతుంటే తీర్పు ఆ పుస్తకం నుంచి రాదు.

చర్చిలో జరిగేది దగ్గర్నుంచి చూడండి. గురువు బిడ్డను ఎడమ చేతి మీదికి తీసుకుంటాడు. గిన్నెలో నీళ్లు. సైతానును విడిచిపెడుతున్నారా, క్రీస్తును నమ్ముతున్నారా అని అడుగుతాడు. జవాబు తల్లిదండ్రులు, జ్ఞాన తల్లిదండ్రులు చెబుతారు. మూడుసార్లు నుదుటి మీద నీళ్లు పడతాయి. చల్లదనానికి బిడ్డ ఉలిక్కిపడి కాళ్లు తన్నుకుంటూ ఏడుస్తుంది, అందరూ మురిసిపోతారు. తర్వాత పేరు రిజిస్టరుకెక్కుతుంది. బిడ్డకు అన్నం ఒకరు తినిపించొచ్చు, బట్ట ఒకరు తొడగొచ్చు. బిడ్డ బదులు ఇంకొకరు నమ్మడమెలా? నమ్మకం మనసులో జరిగే పని. ఒకరి బదులు ఒకరు ఆకలి తీర్చుకోలేనట్టే ఒకరి బదులు ఒకరు నమ్మలేరు.

ఈ విషయంలో బాప్తిస్టులదే సరైన మాట. కానీ వాళ్లు సగంలో ఆగిపోయారు. ఐదేళ్లప్పటి నుంచి సండేస్కూల్లో నరకం, రెండో రాకడ చెప్పి, పన్నెండేళ్లకు నదిలో ముంచి, తనంతట తానే నిర్ణయించుకున్నాడంటే ఎలా? ఇంకో దారి ఉందని తెలియనివాడు ఎంచుకున్నాడనడం న్యాయం కాదు.

బిడ్డ తరఫున పెద్దలే నిర్ణయించొచ్చనే తర్కం మన జిల్లాలో ఎంత ఘోరానికి దారి తీసిందో జోగినీ ఆచారం చూపించింది. బిడ్డకు జబ్బు చేస్తే, వానలు పడకపోతే, ఊరి పెద్దలు ఆజ్ఞాపిస్తే దళిత ఆడపిల్లను ఊహ తెలియకముందే దేవతకు ఇచ్చేవారు. మొక్కింది పెద్దలు. మొక్కు తీర్చింది ఆ పిల్ల, యవ్వనమంతా ఊరి మగవాళ్లకు అప్పగించి. తల మీద నీళ్లు చల్లడం, బతుకు కాల్చడం ఒకటి కావు. ఒకటేనని ఎవరైనా అంటే ఆ ఆడవాళ్ల బాధను తక్కువ చేసినట్టే. పిల్ల పేరు మీద పెద్దలు దేవుడితో ఒప్పందం చేసుకోవచ్చనే అధికారం మాత్రం రెండుచోట్లా ఒకటే. 1980ల్లో వర్ని ప్రాంతంలో ఆ ఆచారాన్ని ఎదిరించి, జోగినుల పిల్లల్ని బడికి పంపి, జోగినులకు పెళ్లిళ్లు చేయించి నిలబడింది హేమలతా లవణం. మహాకవి జాషువా కూతురు, నాస్తికుడు గోరా కోడలు. 1988లో చట్టం వచ్చింది. దేవుడు లేడన్న మనుషులే దేవుడి పేరిట బలైన ఆడపిల్లల పక్కన కూర్చున్నారు.

పసితనంలో పడ్డ ముద్ర పెద్దయ్యాక ఎలా వెంటాడుతుందో కోర్టు తీర్పుల్లో కనిపిస్తుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. పుదుచ్చేరికి చెందిన ఒక మహిళ తాను హిందువునేనంటూ ఎస్సీ సర్టిఫికెట్ అడిగితే, 2024 నవంబరులో సుప్రీంకోర్టు కాదంది. చూపిన ఆధారాల్లో ఆమెకు మూడు నెలలైనా నిండకముందు ఇచ్చిన బాప్తిస్మం ఒకటి. ఆమె చర్చికి వెళ్తూ ఉందన్నదీ మరో ఆధారమే. అయినా పొత్తిళ్లలో ఉన్న పిల్ల చేసిన పనిగా దాన్ని ఆమె లెక్కలో రాయడం నాకు మింగుడుపడదు. నీళ్లు పడితే కులం పోతుందనే చట్టం మూఢనమ్మకానికి ఏమీ తీసిపోదు. మెండోర పక్కన ఏ ఊరికైనా వెళ్లి చూడండి, బాప్తిస్మం పొందిన మాదిగ ఇంటిని ఊరు ఇంకా మాదిగ ఇల్లనే పిలుస్తుంది.

ఈ ముద్రను రికార్డుల్లోంచి తీసేసే దిశగా ఇంగ్లండులో 1653లో ఒక మంచి పని జరిగింది. రిజిస్టర్లలో బాప్తిస్మం బదులు పుట్టుక రాయాలని పార్లమెంటు చట్టం చేసింది. రాజు తిరిగి రాగానే అది పోయింది, మళ్లీ 1837 దాకా రాలేదు. మన జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చింది. అయినా ఫారంలో మతం గడి అలాగే ఉండిపోయింది. మతం, కులం రెండూ వద్దనుకున్న దంపతులు తమ కొడుకు జనన నమోదు కోసం తెలంగాణ హైకోర్టుకు వెళ్లారు. రాజ్యాంగం 25వ అధికరణంలోని మనస్సాక్షి స్వేచ్ఛలో ఏ మతమూ లేకుండా ఉండే హక్కూ ఉందని 2023లో కోర్టు చెప్పింది. మతం లేదు, కులం లేదు అని రాసుకునే గడి పెట్టమని ప్రభుత్వాన్ని ఆదేశించింది. మండల కార్యాలయంలోనో బడిలోనో బిడ్డ ఫారం నింపే తల్లిదండ్రులు ఆ తీర్పు పేరు చెప్పి ఆ గడి అడగొచ్చు. గుమాస్తా కుదరదంటే కుదరదని రాసిమ్మని అడగాలి. ఆ కాగితం పట్టుకుని పై అధికారి దగ్గరికి వెళ్లొచ్చు.