మనిషికి ఎంత పడుతుందిరా?

క్లాస్ వాట్సాప్ గ్రూపులో ట్రిప్ పోల్ పడగానే నేను చూసేది ఎవరెవరు ఎస్ కొట్టారని కాదు, ఎవరు ఏదీ కొట్టకుండా ఊరుకున్నారని. ప్రతిసారీ పది పదిహేను మంది అలా ఉంటారు. అడిగితే "ఇంటికెళ్ళాలి మామా", "అక్క వాళ్ళొస్తున్నారు" అంటారు. కొందరికి నిజంగానే పని ఉంటుంది. మిగతావాళ్ళకి ఉన్నది పని కాదు, డబ్బుల ఇబ్బంది. ఆ మాట గ్రూపులో టైప్ చేయడం ఎవరికీ ఇష్టం ఉండదు కదా, అందుకే ట్రిప్పుల సీజన్‌లో మన కాలేజీలో అక్కల రాకపోకలు బాగా పెరుగుతాయి.

డబ్బు లెక్కలు మాట్లాడితే మనవాళ్ళు వెంటనే "పిసినారి" అంటారు. నాకు ఆ బిరుదు ఫస్టియర్‌లోనే వచ్చింది, ఫీలవ్వలేదు. నా అభిప్రాయం ఏంటంటే, ట్రిప్ ఖర్చు తగ్గించడం కన్నా ముందు దాన్ని నిజంగా చెప్పడం నేర్చుకోవాలి. పోయిన ఏడాది ఒక ట్రిప్‌కి మనిషికి 3,500 అన్నారు. తిరిగొచ్చి స్ప్లిట్ చేస్తే 5,200 తేలింది. ఎవరూ మోసం చేయలేదు. ట్రైన్ టికెట్లు ఆలస్యంగా చూశారు కాబట్టి తత్కాల్ పడింది. రూమ్ చెకౌట్ పొద్దున తొమ్మిదికే అని ఎవరూ అడగలేదు, సాయంత్రం దాకా ఉన్నందుకు ఇంకో సగం రోజు అద్దె కట్టారు. నలుగురికి అని తీసుకున్న గదిలో ఆరుగురు పడుకుంటే రెండు పరుపులకి వేరే రేటు. స్టేషన్ నుంచి రూముకి, రూము నుంచి చూసే చోటికి ఆటోలు ఎవరి లెక్కలోనూ లేవు. పైన పడ్డ ఆ 1,700 కొందరికి ఒక రాత్రి జొమాటో బిల్లు, ఇంకొకరికి నెల మెస్ బిల్లులో సగం. ఆ ఇంకొకరు మళ్ళీ పోల్‌లో కనబడరు.

అందుకే నేను అడిగేది: పోల్ కన్నా ముందు ఒక గూగుల్ ఫామ్ పెట్టండి. పేర్లు వద్దు. ఒకటే ప్రశ్న, "అన్నీ కలిపి నువ్వు ఎంత పెట్టగలవు?" వచ్చిన జవాబుల్లో చిన్న నంబరు పట్టుకుని దాని చుట్టూ ప్లాన్ వేయండి. గోవా కాస్త సూర్యలంక అవుతుందేమో. అవనివ్వండి, సముద్రం అక్కడా ఉప్పగానే ఉంటుంది.

టికెట్ల దగ్గరే సగం డబ్బు మిగులుతుంది, ఇందులో పెద్ద తెలివి కూడా అక్కర్లేదు. రైలు రిజర్వేషన్ 60 రోజుల ముందు, పొద్దున 8 గంటలకి తెరుచుకుంటుంది. 2024 నవంబరుకు ముందు 120 రోజులుండేది. ఇంట్లో పెద్దవాళ్ళు ఇంకా ఆ లెక్కే చెబుతుంటారు, వినకండి. తత్కాల్ ముందు రోజు ఏసీకి 10 గంటలకి, స్లీపర్‌కి 11 గంటలకి. 2025 జూలై నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ఓటీపీ కావాలి, కాబట్టి 10:59కి అకౌంట్‌కి ఆధార్ లింక్ చేస్తూ కూర్చుంటే అంతే సంగతులు. తత్కాల్‌లో కన్‌ఫర్మ్ అయిన టికెట్ మనం క్యాన్సిల్ చేస్తే రూపాయి కూడా వెనక్కి రాదు. "ముందు బుక్ చేసేద్దాం, రాకపోతే చూద్దాం" అనే బ్యాచ్ ఇది గుర్తుపెట్టుకోవాలి. అమ్మాయిల గ్యాంగులకి ఇంకో దారి ఉంది. తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రలో 2025 ఆగస్టు నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఫ్రీ. అయితే ఏ రాష్ట్రం వాళ్ళకి ఆ రాష్ట్రంలోనే, ఆధార్ లాంటి కార్డు చూపించాలి, సూపర్ లగ్జరీ ఎక్కితే టికెట్ కొనాల్సిందే. మెల్లగా వెళ్తుంది, నిజమే. కిటికీ పక్కన సీటు దొరికితే అది కూడా ట్రిప్పే.

ఇప్పటిదాకా చెప్పినవి తగ్గించాల్సినవి. అసలు గొడవ ఇక్కడుంది: మనం ఆటో దగ్గర ఇరవై రూపాయలకి పావుగంట బేరమాడి, తగ్గించకూడని చోట కళ్ళు మూసుకుని తగ్గిస్తాం. ఐఆర్‌సీటీసీలో టికెట్ బుక్ చేసేటప్పుడు ట్రావెల్ ఇన్సూరెన్స్ కావాలా అని అడుగుతుంది. మనిషికి 45 పైసలు. ప్రమాదంలో ప్రాణం పోతే ఇంట్లోవాళ్ళకి 10 లక్షలు. దానికి "వద్దు" నొక్కేవాళ్ళని నేను కళ్ళారా చూశాను. "కావాలి" నొక్కినవాళ్ళు కూడా తర్వాత ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి వచ్చే మెసేజ్‌లో లింక్ తెరిచి నామినీ పేరు నింపరు, స్పామ్ అనుకుంటారు. అమ్మ పేరు టైప్ చేయడానికి రెండు నిమిషాలు పడుతుంది.

ఇంకొకటి బోటు. మన సీనియర్లు, జూనియర్లు అందరికీ పాపికొండలు ఒక మొక్కు లాంటిది. రాత్రి గౌతమి ఎక్కితే తెల్లారి రాజమండ్రి, అక్కడి నుంచి గండిపోచమ్మ గుడి దగ్గర బోటు, పేరంటపల్లి దాకా వెళ్ళి రావడం. ప్యాకేజీలో టిఫిన్, భోజనం ఉంటాయి. రాజమండ్రి నుంచి బోటు దాకా బస్సు ఉందో లేదో మాత్రం అడగాలి, ఒక్కో ఏజెంటు ఒక్కోలా చెబుతాడు. నేను పాంప్లెట్ చివర చిన్నక్షరాలు కూడా చదివాను. నా తెలుగు చదివే స్పీడు క్లబ్‌లో అందరికీ తెలుసు కాబట్టి ఎంతసేపు పట్టిందో చెప్పను.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ట బోటు మునిగిపోయింది. అందులో 77 మంది ఉన్నారు, బతికి బయటపడింది 26 మంది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. అప్పటికి మనం ఏడో క్లాసో, ఎనిమిదో క్లాసో, టీవీలో రోజుల తరబడి అదే చూశాం. బోటుని నీళ్ళలోంచి బయటికి తీయడానికే నెల దాటింది. దానికి రెండేళ్ళ ముందు, 2017 నవంబరు 12, కార్తీకమాసం ఆదివారం. ఇబ్రహీంపట్నం పవిత్ర సంగమం దగ్గర కృష్ణలో బోటు తిరగబడి 20 మందికి పైగా పోయారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి సరదాగా వచ్చినవాళ్ళు. ఆ బోటుకి తిరగడానికి పర్మిషనే లేదు.

ఇది భయపెట్టడానికి రాయడం లేదు, గోదావరి మీద వెళ్ళొద్దనీ అనను. నేను వెళ్ళాను, మళ్ళీ వెళ్తాను. కానీ ఏజెంటుతో ఫోన్లో మనం వేసే మొదటి ప్రశ్న "స్టూడెంట్స్‌మి అన్నా, ఎంత తగ్గిస్తారు?" అనే. బోటులో ఎంతమందికి పర్మిషన్ ఉంది, ఎంతమందిని ఎక్కిస్తారు, అందరికీ లైఫ్ జాకెట్లు ఉన్నాయా, నీళ్ళు పెరిగి బోటు ఆపేస్తే డబ్బు వెనక్కిస్తారా, ఇవి అడిగినవాడిని మొహమాటపెడతాం. రేటు తగ్గించమంటే ఏజెంటు ఎక్కడ తగ్గిస్తాడు? డీజిల్‌లో తగ్గించలేడు, ఇంకో పదిమందిని ఎక్కిస్తాడు. కంట్రోల్ రూమ్ దగ్గర చెకింగ్ కోసం జాకెట్ వేసుకుని, బోటు మలుపు తిరగ్గానే ఫొటోలో లావుగా కనిపిస్తున్నామని తీసేయడం కూడా చూశాను. బకిల్స్ పెట్టకుండా భుజాల మీద వేలాడేసుకుంటే అది జాకెట్ కాదు, శాలువా.

సముద్రం మీద పెద్ద క్రూయిజులకి వెళ్ళే డబ్బు మన దగ్గర ఎలాగూ లేదు గానీ ఒక మాట. టెక్సాస్‌లో ఉండే మా బాబాయి వాళ్ళబ్బాయి గాల్వెస్టన్ నుంచి క్రూయిజ్ ఎక్కాడు. వాడు చెప్పిన లెక్కలూ మనవి లాగే ఉన్నాయి: టికెట్ చవకగా కనబడుతుంది, తర్వాత పోర్టు ఫీజులు, రోజుకింత అని టిప్పులు, వైఫై, కూల్‌డ్రింకులు అన్నీ విడివిడిగా. ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే ఓడలోని నెట్‌వర్క్ పట్టేసుకుని బిల్లు పేల్చేస్తుంది. ఊరు చూడ్డానికి దిగి లేటుగా వస్తే ఓడ ఆగదు. మన ఆర్టీసీ కండక్టరు నయం, ఒక్క విజిల్ ఎక్స్‌ట్రా వేస్తాడు.

చివరిగా బేరం సంగతి. పేరంటపల్లిలో బోటు దిగి గుడికి నడిచే దారిలో వెదురుతో చేసిన బుట్టలు, పూలు అమ్ముతుంటారు. అక్కడ అమ్మే ఆవిడ యాభై అంటే మనవాడు ముప్పై అంటాడు, పక్కనున్నవాడు వీడియో తీస్తాడు. అదే మనిషి ఇంటికొచ్చాక అలాంటిదే ఆన్‌లైన్‌లో నాలుగు వందలకి కొంటాడు. ఆమె దగ్గర మిగిల్చే ఇరవైతో మన బడ్జెట్ ఏమీ మారదు. కొనాలనిపిస్తే అడిగినంత ఇచ్చి కొనండి, లేదంటే చూసి ముందుకు నడవండి. ఆ కొండల మధ్య సిగ్నల్ సరిగ్గా ఉండదు, ఫోన్‌పే మీద నమ్మకం పెట్టుకోకండి. రాజమండ్రిలోనే ఏటీఎంలో డబ్బులు తీసి, ఐదు వందల నోట్లు కాకుండా యాభైలు, వందలుగా మార్చుకుని వెళ్ళండి.